రూతక్క కొలిచిన సముద్రం

ఉదయం ప్రయోగశాల తాళం తీస్తుండగా భూపాలపల్లి నుంచి రూతక్క వాళ్ళ అన్న ప్రకాశమన్న ఫోన్ వచ్చింది. ఆయన ఫోన్ చేస్తే ముందు నా ఆరోగ్యం, తర్వాత మహబూబాబాద్‌లో మా అమ్మానాన్నల ఆరోగ్యం అడిగి గానీ అసలు సంగతికి రాడు. ఆ రోజు అవేవీ అడగలేదు. “వాసవీ, మా రూతు పోయిందమ్మా. చాయ్ తెచ్చి లేపితె లేవలే,” అన్నాడు. ఈల వేస్తున్నట్టుండే ఆయన ఊపిరి ఫోన్‌లో వినిపిస్తూనే ఉంది.

వ్యాధి చివరి దశకు చేరిందని తెలుసు. ఇటీవలే వెళ్ళి చూసి వచ్చాను. వైద్యులు ఆశ వదులుకున్న సంగతి ఆమే నాకు చెప్పింది, అదీ వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. అయినా ఫోన్‌లో ఆ మాట విన్న క్షణాన నా చేతిలోని తాళంచెవి ఏ తలుపుదో తెలియనంతగా మనసు మొద్దుబారింది. ఆత్మీయుల మరణానికి ముందే సిద్ధపడి ఉంటామనుకోవడం ఎంతటి భ్రమో ఆ ఉదయం నాకు తెలిసింది.

డాక్టర్ రూతమ్మ సముద్ర శాస్త్రవేత్త. దక్షిణ మహాసముద్రంలో అంటార్కిటికాకు చేరువగా ఉన్న ఒక ప్రాంతాన్ని ఎంచుకుని, అక్కడి నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను, ఆ నీటిపై గడ్డకట్టే మంచు హద్దులను ఏటేటా ఓడలో వెళ్ళి కొలిచి, వాటిలో వస్తున్న మార్పును జీవితకాలం వెంబడించిన విదుషి. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ సమీపంలోని ఒక పల్లెలో, రెక్కల కష్టం తప్ప వేరే ఆస్తి లేని క్రైస్తవ కుటుంబంలో జన్మించింది. నేను ఆమె వద్ద పరిశోధన చేశాను; తర్వాత ఆమె పక్క గదిలోనే ఉద్యోగం చేశాను. నాకు ఆమె గురువు, పై అధికారి. కానీ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నా నోట ‘అక్కా’ అన్న పిలుపే వచ్చింది.

ఆ మొదటి రోజు గుర్తుంది. మహబూబాబాద్‌లో మాది టోకు కిరాణా దుకాణం. సముద్ర తీరంలో రూతక్క పనిచేసే ఈ పరిశోధన సంస్థలో నాకు స్థానం దొరికిందని తెలిసినప్పుడు మా నాన్న గల్లా దగ్గర కూర్చుని, “ఉప్పు బస్తాలమ్మి నిన్ను సదివిపిస్తె, మల్ల ఉప్పు కొలిచే నౌకరికే పోతున్నవా బిడ్డా?” అని నవ్వాడు. ఆ మాట నేను రూతక్కకు చెప్పగానే ఆమె బల్ల మీద చేత్తో కొట్టి మరీ నవ్వింది. పొట్టి మనిషి, లావు కళ్ళద్దాలు, నడవా చివరి దాకా వినిపించే నవ్వు. “మీ నాయినను ఒకపారి ఈడికి తోల్కరా. ఉప్పు సంగతి మనకన్న ఆయనకే ఎక్కువ ఎరికుంటది,” అంది. ఇల్లు వదిలి వచ్చిన నా దిగులు ఆ నవ్వుతో సగం తగ్గిపోయింది.

మా ఇద్దరి యాస విని ఫలహారశాలలో కొందరు ముసిముసిగా నవ్వేవారు. ఒకాయన, పేరున్న శాస్త్రజ్ఞుడే, “రూతమ్మగారూ, ఇన్నేళ్ళు ఇక్కడ ఉన్నారు, ఆ ‘గిట్ల గట్ల’ ఇంకా వదల్లేదేమండీ? వింటుంటే సినిమా చూస్తున్నట్టుంటుంది,” అన్నాడు. ఆమె తినడం ఆపకుండా, “టికెట్ లేకుంటనే చూస్తున్నరు గదా సార్, మంచిదే,” అంది. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. నేను అప్పటికే నా భాషను దిద్దుకోవడం మొదలుపెట్టాను. ఆమె మాత్రం అంతర్జాతీయ సదస్సు నుంచి వచ్చినా, ఓడ దిగి వచ్చినా అవ్వ నేర్పిన మాటే మాట్లాడింది.

ఆమె పరిశోధనకు మూలం ఎక్కడుందో ఒకసారి తనే చెప్పింది. బడిలో చదివే రోజుల్లో వాళ్ళ నాయిన ఒక చెలకను కౌలుకు తీసుకుని పత్తి వేశాడు. వాన లేక మొక్కలు ఎండిపోయాయి. సాయం కోసం పోతే, మండలంలో వర్షపాతం సాధారణంగానే నమోదైందనీ, కరువు కింద రాయడం కుదరదనీ అధికారులు చెప్పారు. ఆయన ఇంటికి వచ్చి గడప మీద కూలబడి, “మండలంల మంచిగనే పడ్డదట బిడ్డా. మరి మన చెలకల ఎందుకు పడలే?” అని అడిగాడట. వాన కొలిచే పాత్ర మండల కార్యాలయం ఆవరణలో ఉంటుందని, అక్కడ పడిన వాననే ఊళ్ళన్నిటికీ లెక్కగా రాస్తారని ఆ పిల్లకు అప్పుడే తెలిసింది. “సగటు మనిషిని ఎప్పుడన్న చూసినవా వాసవీ? నేనైతె చూడలే. సగటు సముద్రం గూడ ఏడ లేదు. ఒక్కో జాగల ఒక్కో తీరుగ మారుతది. ఆ జాగకు పోయి చూస్తెనే తెలుస్తది,” అనేది. ప్రపంచ సముద్రాల ఉష్ణోగ్రత ఇంత పెరిగిందని పత్రికల్లో ఒక్క అంకె వచ్చినప్పుడల్లా ఆమె పెదవి విరిచేది. ఆ అంకె అబద్ధమని కాదు, దాని చాటున ఏ ప్రాంతం ఎంత అల్లాడుతోందో కనిపించదని ఆమె బాధ.

ఆమెను చదివించింది అన్న ప్రకాశం. పదో తరగతితో బడి మానేసి, భూపాలపల్లి బొగ్గుబాయిలో పనికి కుదిరి, భూమి లోపల పగలూ రాత్రీ తెలియని చీకట్లో తట్ట మోసి, చెల్లెలిని హాస్టల్లో ఉంచాడు. పుస్తకాలు, పరీక్ష రుసుములు, హైదరాబాదులో గది, అన్నీ ఆ బొగ్గు మీదే నడిచాయి. ఆమె మొదటిసారి ధ్రువ సముద్రానికి బయలుదేరుతున్నదని తెలిసి ఆయన హనుమకొండ రోడ్డు పక్కన చలికోట్లు అమ్మే నేపాలీల దగ్గర బేరమాడి ఒక ఊదారంగు స్వెటర్ కొని పంపాడు. ఓడలో ఇచ్చే దళసరి చలి దుస్తుల ముందు అదేపాటిది! అయినా ప్రతి యాత్రలోనూ ఆమె దాన్ని లోపల వేసుకునే డెక్ మీదికి వచ్చేది.

ఇంకొక విచిత్రం చెప్పాలి. ఇంతటి సముద్ర శాస్త్రవేత్తకు సముద్రం పడేది కాదు. ఓడ రేవు దాటగానే వాంతులు మొదలయ్యేవి. ఒక చేత్తో బకెట్ పట్టుకుని, మరో చేత్తో తెర మీద అంకెలు చూపుతూ, లోతు నుంచి నీటి సీసాలు పైకి తీసుకురమ్మని పురమాయించేది. “అక్కా, జర పండుకో,” అంటే, “పండుకుంటె ఇంకా ఎక్కువైతది. పని మీదుంటె మరుస్త,” అనేది.

నేను ఆమెతో చేసిన ఒక యాత్ర నా జీవితాన్ని మార్చింది. ఏటా మేము మంచు అంచును కలుసుకునే చోటికి ఓడ చేరింది. అంతకు ముందు యాత్రల్లో ఆ సరికే తెల్లని పలకలు ఓడ పక్కల్ని రాసుకుంటూ చప్పుడు చేసేవి. ఈసారి ఎదురుగా నల్లని నీళ్ళు. ఏ దిక్కు చూసినా నీళ్ళే. దారి తప్పామేమోనని కుర్ర పరిశోధకులు నావికుల్ని అడిగారు. దారి తప్పలేదు. రూతక్క డెక్ అంచున కమ్మీ పట్టుకుని నిలబడింది. ఎంత పిలిచినా భోజనానికి రాలేదు. నేను పక్కన నిలబడితే, “మా ఊరి చెరువు ఎండినప్పుడు గూడ గిట్లనే అనిపించింది. చూసే కొద్ది కండ్లు నమ్మయి,” అంది.

మర్నాడు లోతుల నుంచి తీసిన నీటిని కొలిచే పని నాది. ఆ సముద్రంలో మంచు కరిగినప్పుడు ఉప్పు తక్కువైన తేలిక నీరు పైన పొరలా పరుచుకుంటుంది. కింద ఉండే వెచ్చని, ఉప్పని నీటిని అది పైకి రానివ్వదు. పైపొరలో ఉప్పదనం పెరిగిందంటే ఆ అడ్డు సడలిందన్నమాట. అప్పుడు కింది వేడి పైకి ఎగదన్ని మంచును అడుగు నుంచి తినేస్తుంది. నా కొలతల్లో పైపొర ఉప్పదనం ఎక్కువగా వచ్చింది. సీసా మూత వదులై నీరు కొంత ఆవిరైపోయి ఉంటుందని నేను అనుకున్నాను. అదే చెప్పాను. ఆమె బకెట్ పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. పరికరాన్ని ఉప్పదనం ముందే తెలిసిన ప్రామాణిక జలంతో సరిచూసి, కొత్త సీసాలతో మళ్ళీ నీరు తీయించి, మళ్ళీ కొలిపించింది. అదే వచ్చింది. తర్వాత తనే కొలిచింది. అప్పుడూ అదే.

ఎవరూ ఊహించని మార్పును పట్టుకున్నామని నాకు లోలోపల ఉత్సాహంగా ఉంది. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. “తప్పు మనదైతె ఎంత మంచిగుండు వాసవీ,” అంది. మా సంస్థలో ఆ పరిశోధనను పొగిడారు, పూలగుత్తి ఇచ్చారు. ఆ పూలగుత్తిని ఆమె బస్సులోనే మరిచిపోయి వచ్చింది.

ఇక భూపాలపల్లిలో జరిగిన సంగతి. దాన్ని రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ప్రకాశమన్నను అడిగితే, “రాయి. దాపుడెందుకు?” అన్నాడు. అందుకే రాస్తున్నాను.

అక్కడి ఒక కళాశాలలో రూతక్క ఉపన్యాసం పెట్టారు. నేను కూడా వెంట వెళ్ళాను. ప్రకాశమన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, తనతో బాయిలో పనిచేసిన స్నేహితులందరినీ వెంటబెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. చెల్లెలు బొమ్మలు చూపిస్తూ మంచు గురించి చెబుతుంటే ఆయన ముఖం దీపంలా వెలిగిపోయింది. చివర ఒక విద్యార్థిని లేచి, “మేడమ్, మా డాడీ బొగ్గుబాయిల చేస్తడు. ఆయన తవ్విన బొగ్గుకే ఆడ మంచు కరుగుతదా?” అని అడిగింది.

రూతక్క అన్న వైపు ఒకసారి చూసింది. “అవు బిడ్డా. ఆ బొగ్గు గూడ ఉన్నది అందుల. లోకంల ఎన్నో జాగల తవ్వి కాలవెట్టిందంత ఉన్నది, మనది గూడ ఉన్నది. నేను సదువుకున్నది గూడ గా బొగ్గుతోనే. మా అన్న తవ్విండు, నేను తిన్న, నేను సదివిన. మీ డాడీ తప్పు జేసిండని నేననను. కాని నువ్వు అడిగిందానికి జవాబు మాత్రం అవునే,” అంది.

ప్రకాశమన్న లేచి బయటికి నడిచాడు. ఆయన స్నేహితులు తలలు దించుకుని వెనకే వెళ్ళారు.

సాయంత్రం ప్రకాశమన్న క్వార్టర్‌లో వదిన వడ్డించిన అన్నం ఎవరూ ముట్టలేదు. “నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్,” అన్నాడాయన.

“ఆ పిల్ల అడిగిందన్నా. అబద్ధం చెప్పాల్నా?”

“అబద్ధం చెప్పమన్ననా నేను? ఊకుంటె ఏమాయె? గా బొగ్గే లేకుంటె నువ్వు ఇయ్యాల ఏడుంటుంటివి?”

“లింగాల ఘనపూర్ల కలుపుదీస్తుంటి. నాకు ఎరికలేదా అన్నా?”

“ఎరికున్నదానివి గట్ల మాట్లాడవు,” అని ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. తిరుగు ప్రయాణంలో ఆమె బస్సు కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నాకు ఓదార్చడం చేతకాలేదు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు లేవు. పండుగకు ఆమె ఫోన్ చేస్తే వదిన ఎత్తేది. “మీ అన్న బయటికి పోయిండు రూతూ,” అనేది. వెనక ఆయన దగ్గు వినిపిస్తూ ఉండేది.

ఆ ఎడబాటును మించిన దెబ్బ మరొకటి తగిలింది. మా సంస్థ ఆ ప్రాంతానికి ఓడను పంపడం మానేసింది. ఇంధనం భారమైంది, వేరే ప్రాధాన్యాలు వచ్చాయి. ఉపగ్రహాలు ఉండనే ఉన్నాయి గదా అన్నారు. ఆమె పై అధికారి గదిలోకి వెళ్ళినప్పుడు నేను తోడు వెళ్ళాను. “పైన మంచు ఎంతున్నదో ఉపగ్రహం చూస్తది సార్. కింద నీళ్ళు ఏమైతున్నయో దానికి కానరాదు. ముంచి చూడాలె,” అని బతిమాలింది. ఆయన మర్యాదస్తుడే. “రెండేళ్ళు ఆగండి మేడమ్, మళ్ళీ చూద్దాం,” అన్నాడు. “రెండేళ్ళకు ఇప్పటి నీళ్ళుండయి సార్. పోయినేటి సముద్రాన్ని వచ్చే ఏడు కొలవనీకి రాదు,” అంది. ఆయన మరో ఫైలు తెరిచాడు.

సముద్రపు అడుగున లంగరు వేసిన తాడుకు మేము కట్టి వచ్చిన పరికరాలు అక్కడే మిగిలిపోయాయి. అవి కొలిచిందంతా వాటి లోపలే ఉంటుంది. ఎవరో వెళ్ళి పైకి తీస్తే తప్ప మనకు అందదు. ఆమె ఇతర దేశాల పరిశోధక నౌకలకు విన్నపాలు పంపింది. తమ దారి అటు కాదని వాళ్ళు బదులిచ్చారు. ఆ పరికరాల బ్యాటరీలు అయిపోయి ఉంటాయనుకున్న రోజున ఆమె సెలవు పెట్టి గదిలోనే ఉండిపోయింది. నేను వెళ్ళేసరికి దీపం కూడా వేసుకోలేదు. “చీకట్ల గంత లోతుల కొలిచి కొలిచి, ఎవలు రాక, సప్పుడు చేయకుంట ఆగిపోయినయి,” అంది. మనుషుల గురించి మాట్లాడినట్టే మాట్లాడింది.

నన్ను మరో విభాగానికి బదిలీ చేశారు. ఆమెకు కడుపులో నొప్పి ఎప్పుడు మొదలైందో ఎవరికీ చెప్పలేదు. హైదరాబాదు దవాఖానలో చేర్పించేసరికి క్యాన్సర్ పాకిపోయింది. ఆమె వద్దన్నా వినకుండా నేను ప్రకాశమన్నకు చెప్పాను. ఆయన ఆ పూటే బస్సెక్కి వచ్చాడు. పదవీ విరమణ చేశాక దుమ్ము నిండిన ఊపిరితిత్తులతో నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడే మనిషి, వార్డులోకి వచ్చి మంచం పట్టీ పట్టుకుని కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత అన్నది ఒకటే మాట: “లే, ఇంటికి పోదాం.” ఆమె చిన్నపిల్లలా చేయి చాచింది. పాత గొడవ ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

చివరి నెలలు ఆమె ఆయన ఇంట్లోనే గడిపింది. నేను చివరిసారి చూడడానికి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం దగ్గర్లోని ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు కోసం పెట్టిన పేలుడుకు వంటింటి గిన్నెలు గలగలమన్నాయి. ప్రకాశమన్న ఆమె పాదాలు ఒత్తుతున్నాడు. ఉన్నట్టుండి, “నేను తవ్వకపోతె ఇంకొకడు తవ్వుతుండె రూతూ,” అన్నాడు, ఎన్నాళ్ళ నుంచో గొంతులో అడ్డుపడిన మాట బయటికి వచ్చినట్టు.

“ఎరికే అన్నా,” అంది ఆమె. మళ్ళీ తనే, “నేను కొలిచినా కొలువకున్నా అది కరుగుతనే ఉండె,” అంది.

ఆయన పాదాలు ఒత్తడం ఆపలేదు. ఆ ఇద్దరి ముందు కూర్చోలేక నేను వాకిట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చి, “అక్కా, మనం చేసిందంత ఉత్తదేనా?” అని అడిగాను. ఏదైనా ధైర్యం చెబుతుందని ఆశ. “నీకు తియ్యటి మాట చెప్పి పోవాల్ననే ఉన్నది వాసవీ. దొరుకుతలేదు,” అంది. ఏ కొలతనూ అనుకూలంగా సవరించి చెప్పని మనిషి. మరణశయ్య మీద కూడా ఆ నిష్ఠను సడలించలేదు.

ఆమె దేహాన్ని సొంత ఊరికి తీసుకువచ్చి, చర్చి వెనక, అవ్వా నాయినల పక్కన సమాధి చేశారు. సంస్థ నుంచి నేను తప్ప ఎవరూ రాలేదు. సముద్రం ఎన్నడూ చూడని ఆ ఊరి జనమే నిండా వచ్చారు. ఒక ముసలమ్మ నన్ను పట్టుకుని, “నీళ్ళ డిపార్టుమెంటుల పెద్ద నౌకరి జేసిందట గదా బిడ్డా?” అని అడిగింది. నేను చెప్పేలోపు ప్రకాశమన్నే అందుకుని, “నీళ్ళు గాదవ్వా, సముద్రం. గా సముద్రం ఎట్ల మారుతున్నదో మా చెల్లె చూసేది. ఎవలు పోని జాగకు పోయి చూసేది,” అన్నాడు. గొంతులో గర్వం ఉంది. కళ్ళు మాత్రం నిండిపోయాయి.

ఇంతటి సత్యనిష్ఠురాలిని, తాను నమ్మిన పనికి తన సుఖాన్నీ తోబుట్టువు ప్రేమనూ పణంగా పెట్టిన ఇంతటి మనిషిని నేను మళ్ళీ చూడను. ఆమె వదిలి వెళ్ళిన కొలతలున్నాయి. వాటి చివర ఖాళీ ఉంది. ఆ ఖాళీని నింపగల జ్ఞానం రేపు పుట్టినా, గడిచిపోయిన నీటిని అది వెనక్కి పిలవలేదు. ఆ మహనీయురాలి పాదాలకు ఈ శిష్యురాలి కన్నీటి వందనం.

మట్టి వేసి అందరూ వెళ్ళిపోయాక ప్రకాశమన్న, నేను అక్కడే నిలబడ్డాం. “ఇగ ఇప్పుడు గా సముద్రాన్ని ఎవలు కొలుస్తరమ్మా?” అని అడిగాడు.

“ఎవ్వలు కొలుస్తలేరన్నా.”

ఆయన నమ్మలేనట్టు నా ముఖంలోకి చూశాడు. “మరి గంత దూరం ఎందుకు పోయింది నా చెల్లె?” అన్నాడు.

ఆమె ఉంటే ఆ ప్రశ్నకు నిజమే చెప్పేది. నేను ఆయన చేయి పట్టుకుని రోడ్డు దాకా నడిపించుకుని వచ్చాను.